ప్లగ్గు తీగ కథ

పాత కారు ఇంజనులో ప్లగ్గులు శుభ్రం చేద్దామని కూర్చున్నవారికి మొదట ఆటంకమయ్యేది ప్లగ్గు కాదు, ప్లగ్గు నెత్తిన కూర్చున్న తీగ. ఆ తీగ చివర ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. మన మెకానిక్కులు దానిని క్యాపు అంటారు. కొత్తలో చేతితో పట్టి లాగితే టప్పున ఊడివచ్చే ఈ క్యాపు, ఏళ్ళు గడిచిన తరువాత ఎంత లాగినా కదలదు. విసుగు పుట్టి తీగను పట్టుకొని గుంజితే తీగ చేతికి వస్తుంది, క్యాపు ప్లగ్గు మీదనే ఉండిపోతుంది. ఒక్కొక్కప్పుడు పైకి ఏదీ తెగినట్టు కనిపించదు. అన్నీ బిగించి స్టార్టు చేస్తే మాత్రం, నాలుగు కాళ్ళ మీద నడవవలసిన ఇంజను మూడు కాళ్ళ మీద కుంటుతుంది.

క్యాపు ఇట్లా అతుక్కుపోవటం తయారీలోని లోపమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది ఒక విజయానికి మనం చెల్లిస్తున్న మూల్యం. వేల వోల్టుల విద్యుత్తును, దారిలో ఎక్కడా జారిపోకుండా, నిప్పురవ్వ పుట్టవలసిన చోటికి చేర్చటం ఎట్లాగన్నది ఇంజనీర్లను ఒక శతాబ్దంపాటు వేధించిన ప్రశ్న. విద్యుత్తు తప్పించుకోకుండా తీగను ఎంత బిగువుగా మూస్తే, దానిని విప్పటం అంత కష్టమవుతుంది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకొని ప్లగ్గు తీగ చరిత్రను పరికిస్తే, అది ఎందుకు అతుక్కుంటుందో, ఎట్లా విడదీయాలో రెండూ బోధపడతాయి.

నిప్పురవ్వతో పేలిన పిస్తోలు

విద్యుత్తుతో వాయువును మండించవచ్చునని చూపినవారిలో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా ముఖ్యుడు. ఆయన 1776లో ఒక సరస్సు ఒడ్డున బురదలోనుంచి పైకి వచ్చే మండే వాయువును పట్టి పరిశీలించాడు. ఆ తరువాత అట్టి వాయువును గాలితో కలిపి ఒక చిన్న పాత్రలో నింపి, మూతి బిరడాతో బిగించి, లోపల విద్యుత్ రవ్వను పుట్టించాడు. మిశ్రమం పేలి బిరడా ఎగిరిపోయింది. దీనినే విద్యుత్ పిస్తోలు అన్నారు.

వోల్టా అక్కడితో ఆగలేదు. కోమో నగరంనుంచి మిలాను నగరం దాకా ఒక ఇనుప తీగను, నేలను తాకకుండా కొయ్య స్తంభాల మీద నిలబెట్టి లాగితే, కోమోలో కూర్చొని మిలానులోని పిస్తోలును పేల్చి సంకేతం పంపవచ్చునని 1777లో రాశాడు. ఇందులో మనం గమనించవలసినది కొయ్య స్తంభాల సంగతి. విద్యుత్తును పంపటం ఒక ఎత్తు, దారిలో నేలలోకి జారకుండా కాపాడటం మరొక ఎత్తు అని ఆయనకు ఆనాడే తెలుసు. ప్లగ్గు తీగ సమస్య అంతా ఈ రెండవ ఎత్తులోనే ఉన్నది.

పింగాణి వచ్చింది

1831లో ఫారడే విద్యుత్ ప్రేరణను కనుగొన్నాడు. ఒక తీగచుట్టలోని ప్రవాహాన్ని చటుక్కున తెంచితే, దాని పక్కనున్న మరొక చుట్టలో విద్యుత్తు పుడుతుంది. రెండవ చుట్టలో చుట్లు ఎన్ని రెట్లు ఎక్కువగా ఉంటే వోల్టేజి అంతగా పెరుగుతుంది. ఈ సూత్రం మీద పారిసులో రుమ్‌కోర్ఫ్ 1850ల నాటికి మంచి ప్రేరణ చుట్టలు తయారుచేశాడు. చిన్న బాటరీతో వేల వోల్టులు పుట్టించటం దీనితో సాధ్యమైంది.

1860లో పారిసులోనే లెన్వా అనే ఇంజనీరు బొగ్గు వాయువుతో నడిచే ఇంజనును నిర్మించి, అందులో ఈ చుట్టను వాడాడు. రవ్వ సిలిండరు లోపల పుట్టాలి, తీగ బయటినుంచి రావాలి. సిలిండరు ఇనుముతో చేసినది. విద్యుత్తు ఇనుప గోడకు తగిలితే రవ్వ ఉండదు. అందుచేత తీగకూ గోడకూ మధ్య పింగాణిని ఉంచాడు. నేటి స్పార్కు ప్లగ్గుకు ఇదే మూలపురుషుడు.

అయినా అందరూ ఈ దారి పట్టలేదు. 1876లో ఒట్టో నిర్మించిన నాలుగు ఘట్టాల ఇంజనులో చిన్న గ్యాసు మంటతో మిశ్రమాన్ని అంటించేవారు. డైమ్లర్ ఎర్రగా కాల్చిన గొట్టాన్ని వాడాడు. కార్ల్ బెంజ్ మాత్రం 1886లో పేటెంటు పొందిన తన మూడు చక్రాల బండిలో బాటరీనీ ప్రేరణ చుట్టనూ నమ్ముకున్నాడు. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ దాకా 100 కిలోమీటర్లకు పైగా ఆ బండిని నడిపింది. దారిలో రవ్వ తీగకు పైనున్న రక్షణ అరిగిపోయి విద్యుత్తు జారిపోతుంటే, ఆమె తన మేజోడు పట్టీని విప్పి తీగకు చుట్టి ముందుకు సాగిందని చెబుతారు. మోటారు చరిత్రలో మొదటి దూర ప్రయాణంలోనే ఇంజనును ఇబ్బంది పెట్టినవాటిలో ప్లగ్గు తీగ ఒకటన్నమాట.

బరువంతా తీగ మీద పడింది

బాటరీలు ఆనాడు త్వరగా నీరసించేవి. అందుచేత ఇంజను తిరుగుతుండగానే విద్యుత్తును పుట్టించే మాగ్నెటో అనే సాధనం వాడుకలోకి వచ్చింది. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో రాబర్ట్ బాష్ కర్మాగారం దీనికి పేరుపొందింది. మొదటి మాగ్నెటోలు తక్కువ వోల్టేజివి. వాటిలో రవ్వకోసం సిలిండరు లోపల రెండు లోహపు ముక్కలను కలిపి విడదీస్తూ ఉండాలి. మంటల మధ్య కదిలే ఆ భాగాలు అరిగిపోయేవి, ఇంజను వేగం పెరిగితే అందుకోలేకపోయేవి.

1902లో బాష్ కర్మాగారంలోని ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ ఎక్కువ వోల్టేజిని నేరుగా పుట్టించే మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించాడు. ఇప్పుడు సిలిండరు లోపల కదిలే భాగమేదీ అక్కరలేదు. చిన్న ఎడం ఉంటే చాలు, రవ్వ దానంతట అదే దూకుతుంది. 1910లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో కెట్టరింగ్ రూపొందించిన బాటరీ, చుట్ట, పంపిణీ పరికరాల ఏర్పాటు వచ్చింది. తరువాత అనేక దశాబ్దాలపాటు ప్రపంచంలోని కార్లలో అధికభాగం ఈ ఏర్పాటుతోనే నడిచాయి. ఇంజను లోపలి భారం తగ్గింది గాని, ఆ భారమంతా బయటి తీగ మీద పడింది.

ఎంత భారమో లెక్క వేసి చూద్దాము. మామూలు పీడనంలో పొడి గాలిలో 1 సెంటీమీటరు దూరం రవ్వ దూకటానికి సుమారు 30,000 వోల్టులు కావాలి. ప్లగ్గు మొనల మధ్య ఎడం 1 మిల్లీమీటరు కంటె తక్కువ. కాబట్టి బయటి గాలిలో 3,000 వోల్టులు చాలు. కాని సిలిండరులో పిస్టను మిశ్రమాన్ని అణచిపెడుతుంది. పీడనం పెరిగినకొద్దీ రవ్వ దూకటం కష్టమవుతుంది. పీడనానికీ దూరానికీ వోల్టేజికీ గల ఈ సంబంధాన్ని పాషెన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1889లో నిరూపించాడు. కాబట్టి అదే ఎడాన్ని దాటటానికి ఇంజనులో 10,000 వోల్టులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి అవసరమవుతాయి.

చిక్కు ఇక్కడే ఉన్నది. లోపల దారి కష్టమైనకొద్దీ విద్యుత్తు బయట సులువైన దారిని వెదుకుతుంది. ప్లగ్గు నెత్తిమీద తీగ తగిలే చోటినుంచి ఇంజను ఇనుము దాకా పింగాణి మీదుగా ఉన్న దూరం కొద్ది సెంటీమీటర్లే. పింగాణి పొడిగా, శుభ్రంగా ఉంటే ఆ దారి మూసి ఉన్నట్టే. దాని మీద వాన నీరో, నూనె కలిసిన దుమ్మో చేరిందా, దారి తెరుచుకుంటుంది.

1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డు మోడల్ టి కారులో తీగ చివర ఒక లోహపు కొక్కెం ఉండేది. దానిని ప్లగ్గు మరమీద ఉంచి చిన్న నట్టు బిగించేవారు. పైన ఏ తొడుగూ లేదు. ఆ కారులో తీగ అతుక్కుపోవటమనే సమస్య లేదు. వేళ్ళతో నట్టు తిప్పితే ఊడివచ్చేది. కాని అట్లా బట్టబయలుగా ఉన్న కొన తడిస్తే రవ్వ లోపలికి పోదు. అతుక్కోని తీగ కావాలంటే తడికి ఓర్చుకోవాలి, తడికి భయపడని తీగ కావాలంటే తొడుగు వేయాలి. ఇంజనీర్లు తొడుగునే ఎన్నుకున్నారు.

రబ్బరును కొరికిన వాయువు

తొడుగుకు మొదట దొరికినది సహజ రబ్బరు. అది మంచి బంధకమే, అంటే విద్యుత్తును పోనివ్వని పదార్థమే. కాని దానికి ఒక శత్రువు ఉన్నది. ఎక్కువ వోల్టేజి గల తీగ చుట్టూ ఉన్న గాలి కొద్దికొద్దిగా చెదిరి, చీకటిలో చూస్తే ఊదారంగు కాంతి కనిపిస్తుంది. ఒక ఘాటైన వాసన కూడా వస్తుంది. ఆ వాసన ఓజోనుది. ఆక్సిజను పరమాణువులు రెండు కాక మూడు కలిసి ఏర్పడిన వాయువు ఇది. రబ్బరు అణువులోని కర్బనపు జంట బంధాలను ఓజోను తెంచివేస్తుంది. దానితో రబ్బరు బీటలు వారుతుంది, బీటలలో తడి చేరుతుంది, తడి దారిని విద్యుత్తు బయటికి పోతుంది. తీగ తనను తినివేసే వాయువును తన చుట్టూ తానే పుట్టించుకుంటున్నదన్నమాట.

1930లో అమెరికాలోని డ్యుపాంట్ సంస్థలో కెరోథర్స్ బృందం నియోప్రీను అనే కృత్రిమ రబ్బరును తయారుచేసింది. ఇది ఓజోనుకూ నూనెకూ సహజ రబ్బరు కంటె బాగా తట్టుకుంటుంది. ఇట్టి కృత్రిమ రబ్బర్ల రాకతో తీగకూ తొడుగుకూ ఆయుర్దాయం పెరిగింది.

తరువాతి మలుపు ఆకాశంలో వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు 9 కిలోమీటర్ల ఎత్తున ఎగురవలసి వచ్చింది. అక్కడి గాలి పీడనం నేలమీది దానిలో మూడవ వంతుకు లోపు. పాషెన్ సూత్రం ఇప్పుడు ఎదురుతిరిగింది. పలుచని గాలిలో రవ్వ సులువుగా దూకుతుంది కనుక, విద్యుత్తు సిలిండరులోనికి పోక తీగ చివరనే బయటికి దూకేది. తొడుగు లోపల చిక్కుకున్న కొద్దిపాటి గాలి కూడా శత్రువే అయింది. ఆ గాలిని తరిమివేసి ఆ స్థలాన్ని నింపే పదార్థం కావాలి. అది వేడికి కరగరాదు, చలికి గడ్డకట్టరాదు, విద్యుత్తును పోనివ్వరాదు.

ఇట్టి పదార్థాలకు పునాది వేసినవాడు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరంలో పనిచేసిన కిప్పింగ్. సిలికాను సమ్మేళనాల మీద దశాబ్దాలు శ్రమించి కూడా, ఈ రంగానికి గొప్ప భవిష్యత్తు ఉంటుందన్న ఆశ లేదని ఆయన 1937లో అన్నాడు. కొద్ది ఏళ్ళకే ఆ మాట తప్పయింది. అమెరికాలో 1943లో ఏర్పడిన డౌ కార్నింగ్ సంస్థ మొట్టమొదట అమ్మిన సరుకు, విమానాల ప్లగ్గు తీగల చివర పూసే సిలికోను గ్రీజు. నేడు మోటారు సామాన్ల దుకాణాలలో దొరికే సిలికోను గ్రీజు దాని సంతతే.

సిలికోను రబ్బరు కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. దాని అణువుకు వెన్నెముక కర్బనం కాదు, సిలికానూ ఆక్సిజనూ ఒకదాని తరువాత ఒకటిగా కూర్చిన గొలుసు. ఓజోను తెంచటానికి అందులో జంట బంధాలు లేవు. వేడికి కూడా అది బాగా ఓర్చుకుంటుంది. దానికి గల లోటు ఒకటే. చిన్న గాటు పడితే చాలు, సులువుగా చిరిగిపోతుంది. లాగిన క్యాపు చినగటానికి ఇది ఒక కారణం.

లోహం పోయి నూలు వచ్చింది

ప్రతి రవ్వా రేడియో తరంగాలను పుట్టిస్తుందని 1880ల చివర హెర్ట్‌జ్ చూపించాడు. అట్లయితే నాలుగు సిలిండర్ల కారు నాలుగు రవ్వలతో వీధి వెంట పోయే ప్రసార కేంద్రమే గదా! 1930లలో కార్లలో రేడియోలు, తరువాత ఇళ్ళలో టెలివిజన్లు వచ్చేసరికి ఈ గరగర పెద్ద బెడదయింది. రవ్వ దారిలో నిరోధం పెడితే గరగర తగ్గుతుంది. అందుచేత 1950లలో తీగ మధ్యనున్న రాగిని తీసివేసి, కర్బనం పట్టించిన దారాన్ని పెట్టసాగారు. అడుగు పొడవుకు కొన్ని వేల ఓముల నిరోధం దీనికి ఉంటుంది. రవ్వకు కావలసిన విద్యుత్తు చాలా తక్కువ కనుక ఈ నిరోధం దానికి అడ్డు కాదు.

పైకి చూస్తే తీగ పూర్వంలాగే ఉన్నది. లోపల మాత్రం లోహం లేదు. రాగి తీగను గుంజితే ఓర్చుకుంటుంది, కర్బనపు దారం ఓర్చుకోదు. పై తొడుగు సాగుతుంది, లోపలి దారం తెగుతుంది లేదా చివరనున్న లోహపు పట్టునుంచి జారిపోతుంది. మొదట చెప్పిన కుంటి ఇంజను రహస్యం ఇదే. తెగిన చోట ప్రతిసారీ చిన్న రవ్వ దూకుతూ దారాన్ని మరికొంత కాలుస్తుంది. కాబట్టి ఆ లోపం నానాటికీ పెరుగుతుందే గాని తగ్గదు.

1970ల నడుమ అమెరికా కార్లలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషను వ్యాపించింది. వోల్టేజి 30,000 దాటింది. 7 మిల్లీమీటర్ల లావు తీగల స్థానంలో 8 మిల్లీమీటర్లవి వచ్చాయి. సిలికోను క్యాపులు పింగాణిని మరింత గట్టిగా, మరింత పొడవున కరుచుకున్నాయి. మన దేశంలో 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసడరు కారుకూ ఈ చరిత్రలో చోటున్నది. 1959 నుంచి దానికి పెట్టిన 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో నాలుగు ప్లగ్గులు పక్కన వరుసగా చేతికి అందేటట్టు ఉంటాయి. 1951లో బెంగుళూరులో నెలకొల్పిన మైకో సంస్థ ప్లగ్గులను దేశంలోనే తయారుచేసింది. అట్టి పాత కార్లను పదిలంగా చూసుకునేవారికి నేటికీ ఈ క్యాపుతో పని పడుతూనే ఉంటుంది.

ఎందుకు అతుక్కుంటుంది, ఎట్లా విడదీయాలి

క్యాపును పట్టి ఉంచే శక్తులు మూడు. ఒకటి, ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు మెత్తదనం పోయి, గాజుపూత గల పింగాణికి అంటుకుపోవటం. రెండు, లోపలి లోహపు పట్టుకు తడి తగిలి తుప్పు, చిలుము పట్టటం. మూడు, లోపలికి గాలి పోలేకపోవటం. క్యాపును పైకి లాగగానే లోపల చోటు పెరిగి పీడనం తగ్గుతుంది, బయటి గాలి క్యాపును కిందికి నొక్కుతుంది.

ఈ మూడింటికీ మందు ఒకటే. లాగటం కాదు, తిప్పటం. ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసులను మన ఇళ్ళలో తిప్పుతూ తీస్తారు గదా. సీసా బిరడాను తీసేదీ అట్లాగే. దీని వెనుక తరగతిలో చెప్పదగిన భౌతిక సూత్రం ఉన్నది. ఘర్షణ ఎప్పుడూ వస్తువు జారే దిశకు ఎదురుగా పనిచేస్తుంది. క్యాపు గుండ్రంగా తిరుగుతున్నప్పుడు ఘర్షణలో అధికభాగం ఆ తిరుగుడును అడ్డుకోవటానికే సరిపోతుంది. పైకి లాగటానికి ఎదురుగా మిగిలేది స్వల్పం. పైగా తిప్పటంతో అంటు విడిపోయి, సందులోనుంచి గాలి లోపలికి పోతుంది.

పని చేసే క్రమం ఇది. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. నడుస్తున్న ఇంజను మీద తీగను ముట్టుకోరాదు. తీగల మీద 1, 2, 3, 4 అని గుర్తులు పెట్టాలి. అంబాసడరు సిలిండర్లు 1, 3, 4, 2 వరుసలో మండుతాయి కనుక తీగలు తారుమారైతే ఇంజను నడవదు. ఒక తీగ పని ముగిసిన తరువాతనే రెండవది తీయటం ఇంకా మేలు. తరువాత తీగను వదలి క్యాపునే పట్టుకొని, అటు ఇటు కొద్దికొద్దిగా తిప్పాలి. కదలిక వచ్చిన తరువాత తిప్పుతూనే నిటారుగా పైకి లాగాలి. పక్కకు వంచితే పింగాణి పగులుతుంది. చేయి పట్టకపోతే, ఈ పనికే చేసిన మెత్తని నోరున్న పటకారు వాడవచ్చు.

అప్పటికీ రాకపోతే మొద్దు మొన గల సన్నని పుల్లను క్యాపు అంచున పోనిచ్చి, సిలికోను నూనె కొద్దిగా చల్లి కాసేపు ఉంచాలి. పెట్రోలు, కిరోసిను వాడరాదు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఏదీ పనిచేయకపోతే క్యాపును నిలువునా కోసి తీసివేయటమే ఉత్తమం. తీగ పోతే కొత్తది కొనవచ్చు. పింగాణి ముక్క సిలిండరులో పడితే ఇంజనుకే ముప్పు. క్యాపు వచ్చిన తరువాత, ప్లగ్గు విప్పకముందే దాని చుట్టూ ఉన్న దుమ్మును ఊది తుడవాలి.

తిరిగి పెట్టేటప్పుడు క్యాపు లోపలి గోడకు సిలికోను గ్రీజు పలుచగా పూయాలి. అది తడినీ గాలినీ రానివ్వదు, మరుసటి సారి క్యాపు అతుక్కోకుండా కూడా చూస్తుంది. ఎత్తున ఎగిరే విమానంలో విద్యుత్తు బయటికి దూకకుండా ఆపటానికి పుట్టిన గ్రీజు, నేడు నేలమీద క్యాపు సులువుగా ఊడిరావటానికి ఉపకరిస్తున్నది. మూయటానికీ విప్పటానికీ మధ్య పాత పేచీకి ఇది ఒక రాజీ.

క్రమంగా ఈ తీగకే కాలం చెల్లుతున్నది. 1980లలో స్వీడను దేశపు సాబ్ సంస్థ ప్రతి ప్లగ్గు నెత్తినా ఒక చుట్టను పెట్టి, మధ్యనున్న తీగను తీసివేసింది. కొత్త కార్లలో చాలా భాగం ఇప్పుడు ఈ పద్ధతిలోనే ఉన్నాయి. అయినా చుట్ట కిందనున్న రబ్బరు తొడుగు పింగాణిని కరుచుకునే ఉంటుంది, ఏళ్ళు గడిస్తే అదీ అతుక్కుంటుంది. వేల వోల్టులను ఒక దారిలో పెట్టవలసినంత కాలం బిగువైన తొడుగు తప్పదు. దానిని తీయవలసినవాడు గుంజేముందు ఒక్క క్షణం ఆగి, అది ఎందుకంత గట్టిగా పట్టుకున్నదో తలచుకుంటే చాలు. చేయి దానంతట అదే తిప్పటం మొదలుపెడుతుంది.